కొసరు పుస్తకం

మొన్న ఆడిటరు పని చేసే మా మనవడు కాగితాలు ముందేసుకుని, ఎవరో రైతులు తమంతట తాము నడుపుకునే కూరగాయల సంతను ధర్మసంస్థగా ఒప్పుకుని పన్ను మినహాయిస్తారా లేదా అని బుర్ర గోక్కుంటుంటే నాకు నవ్వాగలేదు. ఎందుకంటే ఆ ప్రశ్నను నేను పందొమ్మిదివందల యాభైల్లోనే, మా తిరువూరులో, బెజవాడ నుంచి దిగిన పన్నుల ఆఫీసరు ముందు మూడు గంటలు ఏకధాటిగా వాదించి, ఆయన్ని కుర్చీలోంచి లేపి, దణ్ణం పెట్టించి మరీ తేల్చేసినవాణ్ణి.

ఆ రోజుల్లో రైతు వంకాయ పండించడమే గాని, దానికి ధర చెప్పే నోరు అతనిది కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. దళారి ఎంతంటే అంత. వినగడప, ఎ.కొండూరు వైపు రైతులు కడుపు మండి, తిరువూరులో ఒక ఖాళీ జాగా అద్దెకు తీసుకుని, దళారిని కాలు పెట్టనివ్వని సంత పెట్టుకున్నారు. గంపకో అణా ఆశీలు వసూలు చేసి, అద్దె కట్టి, నీడకు పాక వేయించే గుమాస్తాను నేను. ఆ అణా ఇవ్వడానికే చాలామందికి ప్రాణం ఉసూరుమనేది. అలాంటి అణాల మీద పన్ను కట్టమని నోటీసొచ్చింది. పన్ను కడితే అద్దెకు మిగలదు, అద్దె కట్టకపోతే సంత లేదు, సంత లేకపోతే మళ్ళీ దళారి గుమ్మం ముందు నిలబడాల్సిందే. అందుకని మాది ధర్మకార్యమని అర్జీ పెట్టాం.

విచారణకు సంతకే వచ్చిన ఆఫీసరు మర్యాదస్తుడే. సత్రంలో అన్నం పెడితే ధర్మం గాని, ఎవరి సరుకు వాళ్ళు అమ్ముకోవడంలో ధర్మమేముందని నెమ్మదిగానే అడిగాడు. దానికి నా దగ్గర ఆయుధం సిద్ధంగా ఉంది. సంతలో లేనివాళ్ళకు తూకం పైన ఊరికే వేసిన కొసరంతా, గుప్పెడు పచ్చిమిర్చితో సహా, తేదీల వారీగా ఒక పుస్తకంలోకి ఎక్కించాను, అదీ ముందురోజు ఒక్క పూటలో కూర్చుని!

ఇక్కడో సంగతి ఒప్పుకోవాలి. మూడు గంటలన్నాను గాని, పావుగంట కూడా పట్టలేదు. ఆయన పుస్తకం తిరగేసి, దొండకాయల గంప ముందున్న మా మేనత్తను, ఇదంతా మీరిచ్చిందేనా అమ్మా అని అడిగాడు. ఆవిడ తక్కెడ కింద పెట్టింది.

"ఇచ్చేది నిజమే బాబూ, ఆ రాసిందే అబద్ధం. కొసరు ఎవరన్నా లెక్క రాస్తారా? రాస్తే అది కొసరెట్టా అవుద్ది?" అని, నావైపు తిరిగి, "ఏరా, నీకు వేరే పనేం లేదా?" అంది.

ఆయన లేచిన మాటా, దణ్ణం పెట్టిన మాటా నిజమే. లేచింది బస్సు కోసం, దణ్ణం మా అత్తకు.

అయినా నేనిప్పటికీ తగ్గను. రైతు తన చెమటకు తానే ధర కట్టుకోవడం ధర్మం కాకపోతే మరేది ధర్మమో, ఏ చట్టంలో ఉందో, మా మనవణ్ణి చూపించమనండి. ఇవాళ కాటా మీద ఎర్రంకెలు గ్రాము తప్పవు, బిల్లూ చేతికొస్తుంది. బిల్లు లేకుండా గుప్పెడు కరివేపాకు సంచీలో పడేసే ఆ చెయ్యి మాత్రం ఎటు పోయిందో. ఆ చేతిని నమ్మి ఆఫీసరు మాకు మినహాయింపు ఇచ్చాడని ఇక్కడిదాకా రాసి, మా ఆవిడకు చదివి వినిపించాను. ఆ మేనత్త కూతురే. ఆ రోజు గంప పక్కనే కూర్చుని ఉంది.

"ఎక్కడిచ్చాడు బావా? మీ దొంగ పుస్తకం చూసేగా కుదరదని రాసిపోయాడు! పన్ను కోసం గంపకు రెండో అణా మా అమ్మే ముందు తీసిచ్చింది, తర్వాత అందరూ ఇచ్చారు. పన్నూ కట్టాం, సంతా ఆపలేదు. అది రాయండి."