వాడుకలో ఉన్న డిస్కు

దెయ్యాల కథలు చెప్పేవాళ్లని ఆటపట్టించడంలో మా ఆఫీసులో నా తర్వాతే ఎవరైనా. ఏ వింత వెనకైనా ఒక లూజు కేబుల్ ఉంటుందని నా నమ్మకం. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

గాజువాకలో ఉక్కు పనులకి డ్రాయింగులు గీసే చిన్న ఆఫీసు మాది. సర్వర్ నేనే చూసుకుంటాను. మా కంప్యూటర్లలో డిస్కులుండవు. సర్వర్‌లోని స్టోరేజీనే ముక్కలు చేసి, ఒక్కో సీటుకి ఒక్కో వర్చువల్ డిస్కుగా నెట్‌వర్క్ మీద ఇస్తాను. సిస్టమ్ ఆన్ చేస్తే తన డిస్కు తనకి తగులుకుంటుంది, ఆపితే వదిలేస్తుంది.

వినాయక చవితి వెళ్లాక, మా ఆఫీసులోనే డ్రాయింగులు గీసే రమణ పోయాడు. బైకు మీద ఇంటికెళ్తుంటే లారీ గుద్దింది. ఫోను కూడా నుజ్జయింది. బావా అని తప్ప నన్ను పిలిచేవాడు కాదు. అతని భార్య పద్మకి అప్పుడు ఏడో నెల.

"ఆయన గొంతు ఎక్కడైనా ఉంటాదేమో సూడన్నయ్యా. బిడ్డకి ఇనిపించడానికి ఏటీ లేదు" అంది.

రమణ డిస్కంతా వెతికాను. అన్నీ డ్రాయింగులే. లేదని పద్మకి చెప్పాను.

ఆయుధపూజ నాడు సిస్టమ్‌లన్నీ ఆపి బొట్లు పెడతాం. మర్నాటి దాకా ఎవరూ ముట్టుకోరు. ఏ డిస్కూ వాడుకలో ఉండని రోజు అదొక్కటే. అందుకే సర్వర్‌కి బొట్టు పెట్టినా ఆపను, పాత డిస్కులు అప్పుడే తీసేస్తాను. కొత్తగా వచ్చేవాడికి చోటు కావాలి, రమణది చెరిపెయ్యమన్నారు మేనేజర్ గారు.

చెరపబోతే సర్వర్ ఒప్పుకోలేదు. డిస్కు వాడుకలో ఉందట. వాడుతున్నది రమణ సిస్టమేనట.

వెళ్లి చూశాను. స్క్రీను నల్లగా ఉంది. కుంకుమ చెదరలేదు. ప్లగ్గు ఊడదీసే ఉంది. నెట్‌వర్క్ కేబుల్ కూడా పీకేసి వచ్చాను. మళ్లీ అదే మాట. పట్టపగలు, వీధిలో మైకు మోగుతోంది. అయినా భయమేసింది, దాచేదేముంది.

సర్వర్ మీదే ఆ డిస్కు తెరిచాను. డ్రాయింగుల మధ్య, ఇదివరకు నా కంటపడని ఆడియో ఫైలు ఒకటి. నొక్కాను.

"ఏటే తల్లీ, నాను మీ నాన్నని మాటాడతన్నాను. అమ్మని మరీ అలా తన్నకు. నాను వచ్చేత్తన్నాను కదా."

ఏడ్చేశాను. పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశాను. కాపీ పూర్తయ్యాక చూస్తే, రమణ సిస్టమ్ ఆ డిస్కుని వదిలేసింది.

సాయంత్రం మల్కాపురంలో వాళ్లింటికి వెళ్లి పద్మ ఫోనులోకి ఎక్కించాను. ఫోను పొట్టకి ఆనించుకుని వింది. "కదిలిందన్నయ్యా" అంది.

కరెంటు లేని సిస్టమ్ ఆ డిస్కుని ఎలా పట్టుకుని కూర్చుందో నాకు తెలియదు. ఆ ఫైలు మొదటిసారి ఎందుకు కనబడలేదో కూడా చెప్పలేను. ఇప్పుడు చెరిపేస్తానంటే సర్వర్ అడ్డు చెప్పదు. నేనే చెరపలేదు. కొత్తవాడికి నా డిస్కులోంచి చోటిచ్చాను.