ఎడమకు లాగే కారు

మొన్న గచ్చిబౌలిలో మిక్సీ కొంటున్నప్పుడు దుకాణంలోని మనిషి మూత బిగించే పద్ధతి గురించి ఏదో చెప్పబోయాడు. నేను నోరు మూసుకుని చివరిదాకా విన్నాను. మా ఆయన నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు, జ్వరమేమోనని. పాపం, ఆయనకింకా అలవాటు కాలేదు. పోయిన ఏడాది దాకా ఏ దుకాణదారుడినీ నేను పూర్తి వాక్యం చెప్పనిచ్చింది లేదు మరి.

నేను పుట్టి పెరిగింది ప్రొద్దుటూరులో, మా నాయన స్టీలు సామాన్ల అంగట్లో. ఆ పక్కా ఈ పక్కా గుడ్డల అంగళ్లు, ఎదురుగా మా చిన్నాయన గాజుల అంగడి. కొనేవాళ్లు ఎట్లా గెలుస్తారో గల్లాపెట్టె వెనక నుంచి చూస్తూ పెరిగాను. వస్తువులో లోపం కనబడితే నలుగురికీ వినబడేట్టు చెప్పాలి. అమ్మేవాడు దానికి జవాబు చెప్పబోతే మాత్రం వినకూడదు. వింటే లోపం పోతుంది, లోపంతోపాటు తగ్గింపూ పోతుంది. ఈ విద్యతోనే నిజాంపేటలో మా ఫ్లాటు కిరాయి దగ్గర్నుంచి కొత్తిమీర కట్ట దాకా నెట్టుకొచ్చాను. కొత్తిమీర దగ్గర ఓడిపోయిన రోజులూ ఉన్నాయి, ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

మా మామగారు సిటీ బస్సు డ్రైవరుగా చేశారు. కోకాపేట అంతా బండలూ పొదలూ ఉన్నప్పటి నుంచి ఆ దారుల్లో బస్సు నడిపిన మనిషి. ఇప్పటి అద్దాల టవర్లను చూపించి, "గీ మలుపు కాడ నా బస్సుకు బర్రెలు అడ్డమొచ్చేటియి" అంటుంటారు. రిటైరయ్యాక పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. దవాఖాన నుంచి తెచ్చాక ఇంటికొచ్చి వ్యాయామం చేయించే ఫిజియో అమ్మాయి, వేళ్లకు పని చెప్పేది ఏదైనా ఇవ్వమంది. రబ్బరు బంతి ఇస్తే మూలకు విసిరేశారు. డ్రైవరుకు బండే ఇవ్వాలి, రిమోటు కారు కొందామన్నాను. ఆ ఆలోచన నాదే. దానికి గొప్పపడే హక్కు ఇంకా మిగిలిందో లేదో చదివాక మీరే చెప్పండి.

హైటెక్ సిటీ మెట్రో దగ్గరి బొమ్మల దుకాణంలో అమ్మేతను ఒక ఎర్ర కారును నేల మీద నడిపి చూపించాడు. అది తిన్నగా పోకుండా ఎడమకు తిరిగి, ఒక ఎలుగుబంటి బొమ్మ కాళ్ల దగ్గర ఆగింది. నాకు లోపల పండగే. "ఇదేందన్నా, పక్కకు లాగుతాంది?" అన్నాను. "అదేం లేదమ్మా, రిమోటు మీద ఈ చిన్న..." అని మొదలుపెట్టాడు. నేను సంచీ భుజాన వేసుకుని వాకిలి వైపు నడిచాను. వాకిలి దాటేలోపు వెనక్కి పిలిచాడు, ధర దిగింది. కారు చంకన పెట్టుకుని దండయాత్ర ముగించినట్టు ఇంటికొచ్చాను. మా అంగళ్ల వీధిలో తగ్గింపు చేతికొచ్చాక లోపం ఇక లోపం కాదు, ఆ లెక్క తీరిపోయినట్టే. ఇంట్లో ఆ మాట ఎత్తలేదు. ఎత్తాలని తోచనూ లేదు.

రిమోటు తుపాకీలా ఉండేది. ఎడమచేత్తో పట్టుకుని మీట నొక్కితే కారు కదులుతుంది, కుడిచేత్తో పక్కనున్న చక్రం తిప్పితే మలుపు తిరుగుతుంది. మొదటిరోజు మామగారు ఇస్త్రీ చొక్కా వేసుకుని, డ్యూటీ ఎక్కుతున్నట్టు హాల్లో కూర్చున్నారు. కారు బయల్దేరి ఎడమకు తిరిగి చెప్పుల స్టాండును గుద్దింది. మళ్లీ నడిపితే మళ్లీ చెప్పుల స్టాండే. చక్రాన్ని కుడికి పట్టి ఉంచాలని చూసేవారు, వేళ్లు వణికి జారేవి. "మెల్లగా వస్తుంది మామయ్యా" అని నేను వంకాయలు తరుగుతూ ధైర్యం చెప్పేదాన్ని. వారం తిరిగేసరికి ఆయన కుడిచేతి మీద తువ్వాలు కప్పుకుని కూర్చోవడం మొదలుపెట్టారు. ఒక పొద్దున నన్ను పిలిచి, "ఇగ చాలు బిడ్డా. బస్సును గీత గీసినట్టు నడిపినోన్ని, గీ బొమ్మను సక్కగ పోనియ్యలేకపోతున్న. ఈ చెయ్యి అయిపోయింది. ఆ పిల్లను రేపటి సంది రావద్దను" అన్నారు.

ఆ మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే, హాలు తుడవబోయి, కారును జరపడానికి వంగలేక రిమోటు మీట నొక్కాను. చక్రాన్ని ముట్టుకోనేలేదు. కారు తనంతట తానే ఎడమకు తిరిగి చెప్పుల స్టాండు దగ్గరికి పోయింది. తడిగుడ్డ చేతిలోనే ఉండిపోయింది. దుకాణంలో నేను సగంలో తుంచేసిన ఆ మాట అప్పుడు గుర్తొచ్చింది. చూస్తే చక్రం కింద శనగగింజంత నాబ్ ఉంది. ఒకవైపు తిప్పితే కారు ఇంకా ఎడమకు పోయింది, రెండోవైపు తిప్పితే కుడికి పోయి టీవీ బల్లను తాకింది. రెండు టైల్సు కలిసే గీత మీద పెట్టి, నాబ్‌ను వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ కూర్చున్నాను. చివరికి కారు గీత తప్పకుండా బాల్కనీ తలుపుదాకా పోయింది. నాకు ఏడుపొచ్చింది. అయినా బుద్ధి ఎక్కడికి పోతుంది? చెప్పకుండా ఊరుకుంటే చెయ్యే బాగుపడిందనుకుంటారు, అందరికీ లాభమే అని అక్కడికక్కడే ఇంకో బేరం కట్టేశాను.

సాయంత్రం బతిమాలి రిమోటు చేతికిచ్చాను. కారు తిన్నగా పోయింది. ఆయన కారును చూడలేదు, రిమోటును చూశారు. చక్రం మీంచి కుడిచెయ్యి తీసేసి ఇంకోసారి నడిపారు. మళ్లీ తిన్నగానే పోయింది.

"దీన్ని ఎవరు సక్కజేసిండ్రు బిడ్డా?"

"నేనే మామయ్యా."

"కొన్ననాడు గూడ గిట్లనే పక్కకు పోతుండెనా?"

"ఆ."

"నీకు ఎరుకేనా?"

తలూపాను. "ఎంత తగ్గించిండు?" అన్నారు.

అంకె చెప్పాను. ఒక తగ్గింపు అంకెను అంత చిన్న గొంతుతో చెప్పడం నా బతుకులో అదే మొదలు.

"మంచిగనే తగ్గించినవ్," అంటూ తువ్వాలు తీసి కుర్చీ మీద వేశారు. "ఆ పిల్లకు ఫోన్ జెయ్యి. రేపు రమ్మను."

ఇప్పుడు ఆ చేత్తో టీ గ్లాసు పట్టుకుంటున్నారు. ఇంటికెవరొచ్చినా ఆ గ్లాసు పట్టుకునే, "మా కోడలి బేరం ముచ్చట ఇనుండ్రి" అని మొదలుపెట్టి అందరినీ నవ్విస్తారు. నేను వంటింట్లో లేని పని వెతుక్కుంటాను. ఒక్కనాడూ నిష్ఠూరమాడలేదు. ఆడి ఉంటే ఎలాగోలా గీచి గీచి కొంత తగ్గించుకుని ఉండేదాన్ని. ఆయన చెయ్యి దాచుకుని కూర్చున్న ఆ రోజులను వాపసు తెచ్చుకోవాలని మనసులో ఎన్నిసార్లు బేరానికి దిగానో. వాకిలి దాకా నడిచినా వెనక్కి పిలవని దుకాణదారు కాలం ఒక్కటే.