నేను పెట్టిన పుస్తకపరీక్ష

పదిమందిలో నవ్వులపాలు కావడానికి తెలివితక్కువతనం ఒక్కటే సరిపోదు. అందరికీ న్యాయం చేయాలన్న పట్టుదల కూడా తోడవ్వాలి. ఆ రెండూ నాలో సమృద్ధిగా ఉన్న రోజుల్లో, యాకుత్‌పురాలో ఒక ప్రారంభోత్సవాన్ని నా చేతులతో నేనే ముంచాను. ఎలా ముంచానో చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకండి, అప్పట్లో కూడా ఎవరూ పడలేదు.

రెండువేల సంవత్సరం దాటిన కొత్త. పాత పుస్తకాలను ఫొటోలు తీసి కంప్యూటర్‌లో పెట్టే డిజిటల్ లైబ్రరీ పనిని మా యూనివర్సిటీవాళ్లు తలపెట్టారు. యాకుత్‌పురాలో ఒక పాత మేడలో రెండు గదులు తీసుకుని, నన్ను ఇన్‌చార్జిగా కూర్చోబెట్టారు. నాది తెనాలి వైపు. పాతబస్తీకి వచ్చి ఏడాది కాలేదు. ఇరానీ చాయ్ అలవాటైంది కాబట్టి పాతబస్తీ మొత్తం అర్థమైపోయిందనుకునే దశలో ఉన్నాను.

తెలుగు పుస్తకాలు చాలావరకు కంప్యూటర్‌లోకి ఎక్కేశాయి. వాటిని తెరమీద పేజీ తర్వాత పేజీ తిప్పి చదివేలా చేయడానికి ఒక ప్రోగ్రామర్ కావాలి. అంతకన్నా ముఖ్యంగా, జహనుమాలో ఉండే మీర్ సాబ్ కోసం కావాలి.

మీర్ సాబ్ రిటైరైన స్కూలు మాస్టారు. ఆయన తండ్రి జీవితమంతా ఉర్దూ పుస్తకాలకు చేత్తో నకళ్లు రాసి బతికిన మనిషి. ఆ పుస్తకాలు ఒక బీరువా నిండా ఉన్నాయి. కాగితం వేలు తగిలితే అప్పడంలా విరుగుతోంది. ఆ భయంతో మీర్ సాబ్ వాటిని తెరవడమే మానేశారు. కన్నతండ్రి చేతిరాత ఇంట్లోనే ఉండీ చూసుకోలేకపోవడం ఎంత బాధో ఆయన ఎప్పుడూ చెప్పలేదు గాని, ఆ బీరువా ముందు కూర్చునే తీరే చెప్పేది. ఎంత బతిమాలినా ఒక్క పుస్తకమే చేతికిచ్చారు. "మా అబ్బాజాన్ రాసిన మొదటి పేజీ నీ కంప్యూటర్ల సక్కగ చూపెట్టు బేటా. గప్పుడు బీరువా తాళంచెవి ఇస్త" అన్నారు. చూపించలేకపోతే మిగతావన్నీ చెదలకే.

ప్రోగ్రామర్ పోస్టు ఒక్కటే. వచ్చినవాళ్లకు ఏం పరీక్ష పెట్టాలి? కంప్యూటర్ గురించి అడుగుదామంటే నాకే రాదు. అందుకని పుస్తకపరీక్ష అనేదొకటి కనిపెట్టాను. ఒక పుస్తకం చేతికిచ్చి, దీన్ని తెరమీద ఎలా చూపిస్తావని అడగడం. తెలుగు పుస్తకం ఇస్తే తెలుగు చదివినవాళ్లకు లాభం, ఇంగ్లీషుదైతే కాన్వెంటువాళ్లకు లాభం. ఎవరికీ చదవడం రాని పుస్తకమైతే అందరికీ సమానం కదా అని దీర్ఘంగా ఆలోచించి, మీర్ సాబ్‌ది కాకుండా, మా గదిలో పడున్న వేరే పాత ఉర్దూ పుస్తకం ఒకటి తీశాను. అదీ, వీధివీధికీ ఉర్దూ బోర్డులుండే యాకుత్‌పురాలో కూర్చుని. ఉర్దూ కుడి నుంచి ఎడమకు రాస్తారని నాకు తెలుసు. పుస్తకం కూడా ఆ వైపు నుంచే మొదలవుతుందన్న ముక్క మాత్రం బుర్రకెక్కలేదు. దానికి రెండువైపులా ఒకే రంగు గుడ్డ అట్ట. నాకు ముందువైపు అనిపించిన దాన్ని పైకి పెట్టాను.

మొదట వచ్చిన అమ్మాయి పేరు సంతోషి. ఉండేది ఛత్రినాకలో. తాతల నాటి నుంచి వాళ్లది కిరాణా దుకాణం. పుస్తకం అందుకుని, నిదానంగా బోర్లా తిప్పి, వెనక అట్ట ఎత్తింది.

"ఇది గిట్ల తెరవాలె సార్."

నేను పెద్దరికం ఉట్టిపడేలా నవ్వాను. "పుస్తకం ఎటు తెరవాలో నాకు నేర్పుతావా అమ్మా?"

ఆ అమ్మాయి నావైపు ఒకసారి చూసి, పుస్తకం బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. పాపం, పుస్తకానికి మొదలేదో చివరేదో తెలియని పిల్ల అనుకుని జాలిపడ్డాను కూడా.

తర్వాత వచ్చినవాడు ఫణి, మా వైపు కుర్రాడే. పుస్తకాన్ని నేను పెట్టినట్టే తెరిచి, అడగని ప్రశ్నలకు కూడా జవాబులు చెప్పాడు. ఉద్యోగం ఇచ్చేశాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు, నేను చూసిన పుస్తకానికి ఒకటే తలుపు.

మీర్ సాబ్ పుస్తకాన్ని ఇంకొకరి చేతికివ్వడానికి మనసొప్పక నేనే ఫొటోలు తీశాను, మొదటి పేజీ అనుకున్నదానితో మొదలుపెట్టి. ఫణి వాటిని అదే వరసలో పేర్చాడు.

ప్రారంభోత్సవం రోజు గది నిండిపోయింది. ముందువరసలో మీర్ సాబ్, ఇస్త్రీ చేసిన షేర్వానీలో, చుట్టూ జహనుమా నుంచి వెంటబెట్టుకొచ్చిన బంధువులతో కూర్చున్నారు. యూనివర్సిటీ పెద్దాయన మీట నొక్కారు. గోడంత తెరమీద పేజీ విచ్చుకుంది. మధ్యలో ముత్యాల్లాంటి అక్షరాలతో రెండే రెండు మాటలు. వేదిక మీదున్నవాళ్లం చప్పట్లు కొట్టాం. నేనైతే అందరికన్నా గట్టిగా కొట్టాను. కింద ఒక్కరూ కొట్టడం లేదు. ఉర్దూ రానివాళ్లమంతా పైన, వచ్చినవాళ్లంతా కింద కూర్చున్నామని అప్పటికీ నాకు తోచలేదు.

ఏం రాసి ఉందండీ అని పెద్దాయన ఆదరంగా అడిగారు. మీర్ సాబ్ లేచి నిలబడ్డారు.

"తమామ్ షుద్ అని ఉంది సాబ్. అయిపోయింది అని. మరి మేం ఇండ్లకు పోవచ్చునా?"

ఆదిలోనే హంసపాదు అంటారు. మాకు ఆదిలోనే సమాప్తం పడింది. వెనకవరసల్లో మొదలైన నవ్వు వేదిక దాకా వచ్చి, పెద్దాయనను కూడా వదల్లేదు. మీర్ సాబ్ ఒక్కరే నవ్వలేదు. ఆయన చెయ్యి జేబులోని తాళంచెవిని గట్టిగా పట్టుకుని ఉండటం చూశాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి. అంత ఆశపెట్టి, ఆయన తండ్రిని చివరి పేజీ నుంచి చూపించాను.

ఫణి ఆ వారమే మాదాపూర్‌లో ఏదో కంపెనీకి వెళ్లిపోయాడు. నేను ఆటో ఎక్కి ఛత్రినాక వెళ్లాను. సంతోషి దుకాణంలో పెసరపప్పు తూకం వేస్తోంది. బేరానికొచ్చిన ఇద్దరు ఆడవాళ్ల ముందే నా తప్పంతా ఒప్పుకున్నాను. ఆమె ఎత్తిపొడవలేదు. తనకు ఉర్దూ చదవడం రాదని, తాత చేతిలో పుస్తకం ఎటు తెరుచుకునేదో చూసిన గుర్తుతో చెప్పానని అంది. పప్పు పొట్లం కట్టి ఇచ్చాక, వస్తానంది.

ఆమె చేరిన రోజు సాయంత్రమే మీర్ సాబ్ రావాలి. కాళ్లు పట్టుకున్నంత పని చేస్తే, ఇంకొక్కసారి చూస్తానన్నారు. సంతోషి ప్రోగ్రామంతా చూసి, ఏ పుస్తకం ఎటు తెరుచుకోవాలో ఒక్కోదానికి విడిగా గుర్తు పెట్టాలని, దానికి రెండు రోజులు పడుతుందని అంది. నాకు అంతసేపు ఆగే ఓపిక ఎక్కడిది? లోపల పశ్చాత్తాపం పాలపొంగులా పొంగుతోంది.

"అన్నిటినీ కుడివైపు నుంచి తెరుచుకునేలా తిప్పెయ్యమ్మా."

"అన్నీనా సార్?"

"అన్నీ."

"జర ఆలోచన చేసి చెప్పుండ్రి. అన్నీనా?"

"చేశాను. ఇక మీదట నువ్వు చెప్పిందే వేదం" అన్నాను, ఆమె చెప్పేది వినకుండా.

సాయంత్రం మీర్ సాబ్ వచ్చారు. తెరమీద మొదటి పేజీ విచ్చుకుంది. ఆయన కుర్చీలోంచి లేచి దగ్గరకు వెళ్లారు. తన నీడ అక్షరాల మీద పడుతోందని పక్కకు జరిగారు. విరుగుతుందన్న భయం లేకుండా, తండ్రి రాసిన గీత వెంట గాలిలో వేలు నడిపారు. "అబ్బా కలం గిట్లనే తిప్పుతుండె" అని, తాళంచెవి తీసి నా చేతిలో పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నా పరువు కొంత మిగిలేది. మర్నాడు మా తెలుగు శాఖ ఆచార్యులుగారు తన వ్యాకరణ గ్రంథాన్ని తెరమీద చూడాలని శిష్యులతో వచ్చారు. ఒక్క తప్పు దొర్లకుండా గ్రంథం రాయడం ఎలాగో మెట్ల మీద వాళ్లకు వివరిస్తూనే లోపలికి అడుగుపెట్టారు. మీట నేనే నొక్కాను. గోడ నిండా, ఎంత దూరం నుంచైనా కనిపించేలా వెలిగింది: 'తప్పొప్పుల పట్టిక'.

ఆచార్యులుగారు నన్ను చూశారు. నేను సంతోషిని చూశాను.

"రెండుసార్లు అడిగిన కద సార్" అంది, కీబోర్డు మీంచి తల ఎత్తకుండా.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అందరూ చేసేదే. నేను తోటంతా కొట్టుకొచ్చాను. అందుకే, ఆచార్యులుగారు మెట్లు దిగుతున్న చప్పుడు వింటూ, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరికీ పరీక్ష పెట్టను. ఒకవేళ పెట్టాల్సి వస్తే, అవతలివాళ్లు పుస్తకం తెరిచి చూపించేదాకా నేను నోరు తెరవను.