మెయిలు ఆగిన బావి

“నేను ముందుగాల పోత. నువ్వు జెర నిదానంగ చూసుకుంట రా.”

“నువ్వు ఎన్నడన్న నా పక్కన నడిచినవా, ఇయ్యాల నడవనీకి?”

ఆపరేషన్ గదిలోకి తోసుకుపోతున్న స్ట్రెచర్ మీద మా ఆయన, దాని వెనక నేను, ఆఖరుసారిగా అనుకున్న మాటలు ఇవి. అనుకుని ఇద్దరం నవ్వుకున్నాం. అలాంటి చోట ఎందుకు నవ్వామో మా ఆడబిడ్డ కూతురికి ఇప్పటికీ అర్థం కాలేదట. నాకు సంతకం వరకే చదువు వచ్చు. అందుకని అది రాస్తోంది, నేను చెబుతున్నాను.

ఆ రోజుల్లో, అంటే పెళ్లయి చిలకలగూడకు కాపురానికి వచ్చిన కొత్తలో, నాకు మా ఆయన ముఖం కంటే వీపే ఎక్కువ తెలుసు. ఆయన స్టేషన్లో కూలీ. నెత్తిన పెట్టె పడితే చాలు, ప్యాసింజర్లు వెనక పరుగెత్తాల్సిందే. అందుకే అందరూ ఆయన్ను, ఆగని మెయిలు బండి అని, మెయిలు అనేవాళ్లు. డ్యూటీ దిగినా ఆ నడక దిగేది కాదు. కూరగాయలకు పోయినా, పెళ్లికి పోయినా, ఆయన ముందు, నేను వెనక, మధ్యలో సగం బోయిగూడ బస్తీ. ఆ వీపు జనంలో కలిసిపోతే నడివీధిలో నిలబడి ఏడుపు మొహం పెట్టేదాన్ని. (నవ్వకుండా రాయి.) ఈ మనిషి ఒక్కసారన్నా వెనక్కి తిరిగి నన్ను చూస్తాడా అని ఒకటే బెంగ. మా అమ్మతో చెప్పుకుంటే, “మొగుడు ముంగట నడుసుడు సుత తక్లీఫేనానే నీకు?” అంది.

ఒక ఆదివారం ఊరి బయట ఉన్న వినోదాల పార్కుకు తీసుకుపోయాడు. “జూలాలన్ని ఎక్కిస్త, జల్ది నడువ్” అంటూ పులిహోర సంచిని అలవాటుగా తువ్వాలు చుట్ట మీద, నెత్తిన పెట్టుకున్నాడు. గేటు లోపల ఒక పెద్ద కుటుంబం సామానుతో ఆగి ఉంది. ఆ ఇంటి పెద్దావిడ మా ఆయన నడక చూసి, “ఏ భాయ్, గీ బ్యాగులు గూడ నీళ్ల ఆటల కాడికి పట్టు” అంది. ఇంకొకరైతే నేనూ టికెట్టు కొనుక్కునే వచ్చానని చెప్పేవాళ్లు. మా ఆయన భుజం వంచాడు. బ్యాగులు ఎక్కాయి, మెయిలు కదిలింది. “ఏమయ్యో” అని నేను పిలిచేలోగా వీపు కూడా కనబడలేదు.

నేను మిగిలిపోయిన చోటు పాతకాలం కోట వీధిలాగా కట్టింది. జనానికి అది రంగులరాట్నం లాంటి జూలాల వైపు పోయే దారి, అంతే. దడదడా దాటిపోతున్నారు. నాకు పోవడానికి చోటు లేదు కాబట్టి చూస్తూ నిలబడ్డాను. చూసేకొద్దీ కాళ్లు కదలలేదు. సిమెంటు మెట్లు నడిమధ్యన అరిగి ఉన్నాయి, ముత్తాతల కాలం నుంచి జనం ఎక్కిదిగినట్టు. తలుపు గొళ్లెం చుట్టూ చేతుల జిడ్డు నలుపు కూడా రంగుతో అద్దారు. అరుగు కింద, ఎవరూ వంగి చూడని మూల, ఒక సిమెంటు బల్లి. దాని తోక తెగి మళ్లీ మొలుస్తున్నట్టు పొట్టిగా ఉంది. వీధి చివర బావి. దాని ఒర అంచున తాడు ఒరుసుకుని పడ్డ గాడులు. మౌలాలిలో మా అమ్మగారింటి బావికి అచ్చం అలాంటివే ఉండేవి. దాహమేసి బొక్కెన కోసం వెతికాను. గిలక కోసం పైకి చూశాను. లోపలికి వంగితే మోకాలి లోతున సిమెంటు, దాని మీద నీలం రంగు. (ఇది కూడా రాయి. అక్కడ ఊడుస్తున్న ఆమె నవ్వు ఆపుకుంటూ, “అక్కా, తాగే నీళ్ల నల్లా గటు దిక్కున్నది” అంది.) సిగ్గు పడుతూనే మళ్లీ ఆ గాడుల మీదికి వంగాను. ఏ తాడూ తగలని ఒర మీద ఎవరో కూర్చుని ఒక్కొక్క గాడినీ దిద్దారు. ఒకటి లోతుగా, ఒకటి పైపైన, ఒకటి ఎడమచేతి వాటం మనిషి తోడినట్టు పక్కకు వాలి. ఎవరు చూస్తారని చేశారు తల్లీ? ఆ గాడిలో వేలు పెట్టుకుని అక్కడే కూలబడ్డాను.

ఎంతసేపటికో చెమటలు కక్కుతూ వచ్చాడు. “ఏందే గింత పరేషాన్ జేస్తివి? పార్కంత తిరిగొచ్చిన. జూలాలు బంద్ అయితయి, నడువ్.”

“నేను రాను. కూసో.”

“ఏమున్నదని గీడ?”

“గిది ముట్టు.”

సంచి దించి ముట్టాడు. వేలితో గాడి వెంట పోయాడు, ఆగాడు, మళ్లీ వెనక్కి వచ్చాడు. “గింత ఓపిక ఎవరికున్నదే” అన్నాడు మెల్లగా. బల్లిని చూపిస్తే “ఉష్” అని తోలాడు. అది కదలకపోయేసరికి పకపకా నవ్వి, ఆ నవ్వుతోనే నా వైపు తిరిగాడు. నవ్వితే ఆయనకు ఒక్క బుగ్గే గుంట పడుతుందని నేను ఆ రోజే చూశాను. తువ్వాలు తీస్తే నడినెత్తిన జుట్టు అరిగిపోయి ఉంది. అది ఏ మేస్త్రీ దిద్దింది కాదు. బావి గాడిలో పెట్టిన వేలే దాని మీద పెట్టాను. “ఏందే, నలుగురు చూస్తరు” అన్నాడు గానీ తల మాత్రం తీయలేదు.

ఒక్క జూలా ఎక్కలేదు. బావి గట్టు మీద పులిహోర తిని వచ్చేశాం. వచ్చేటప్పుడూ ఆయన ముందే నడిచాడు, స్వభావం ఎక్కడికి పోతుంది? కానీ ఆనాటి నుంచి మెయిలుకు ప్రతి మలుపులో ఒక హాల్టు పడింది. “నేను ముందుగాల పోత, నువ్వు నిదానంగ చూసుకుంట రా” అనేవాడు. పోయి, మలుపులో ముఖం ఇటు తిప్పి నిలబడేవాడు.

ఇప్పుడు నేను కూరగాయలకు పోతే గోడగోడకూ ఆగుతున్నాను. “అత్తా, నీతోని పోతే దుకాణాలు బంద్ అయితయి” అని ఈ రాసే పిల్ల గొణుగుతుంది. ఏం చేయను? చూసుకుంటూ రమ్మన్నాడు కదా. ఏ మలుపులోనో ముఖం ఇటే తిప్పుకుని నిలబడి ఉంటాడు.

ఏదీ, రాసిందంత ఒకసారి చదివి వినిపియ్యి బిడ్డా. మెయిలు లెక్క గాదు, జెర నిదానంగ.