అడుక్కి దిగని తేనె

నా చిన్నప్పుడు నాకు ఒక చోట కాలు నిలిచేది కాదు. మా తాతయ్యకి నోటి నిండా పుళ్ళు వచ్చిన ఆ నాలుగు రోజులైతే మరీను. గంజి కూడా ఆయన గొంతు దిగడం లేదు. చెయ్యి దవడకి ఆనించుకుని అరుగు మీద కూర్చునే ఉండేవాడు. రోజూ కబుర్లు చెప్పే మనిషి నోరు విప్పకపోతే నాకు ఊపిరాడేది కాదు. వీధిలోకి పరిగెత్తడం, మళ్ళీ వచ్చి ఆయన మొహం చూడడం, ఇదే పని.

ఈ పుళ్ళకి, చెట్టు తొర్రల్లో ఉండే కుట్టని చిన్న తేనెటీగల తేనె రాయాలని మా నాయనమ్మ పట్టు. శృంగవరపుకోట సంతకి కొండ దిగి వచ్చే తేనెలమ్మే ఆవిడకి కబురు పెట్టింది. ఆవిడ వచ్చిన పూట నాయనమ్మ పొలంలో ఉంది. చిన్న సీసా నా చేతికిచ్చి, పక్క వీధిలో పని చూసుకుని వస్తానని వెళ్ళింది.

నాలుగు చెంచాలుంటుందేమో ఆ తేనె. నల్లగా, నీళ్ళలా ఉంది. అసలైన తేనె నీళ్ళలో వేస్తే తీగలా సాగి అడుక్కి దిగాలని మా ఊళ్ళో పిల్లలందరికీ తెలుసు. గ్లాసు నీళ్ళలో ఒక చుక్క వేశాను. సగం దారిలోనే కలిసిపోయింది. నాకితే పులుపు. నాకు ఒళ్ళు మండిపోయింది. మా తాతయ్య అంత బాధ పడుతుంటే పులిసిన నీళ్ళు అంటగడుతుందా అనుకున్నాను. సీసా తీసుకెళ్ళి పెంటకుప్ప మీద వంపేశాను.

నాయనమ్మ రాగానే గొప్పగా చెప్పాను. ఆవిడ నెత్తిన చెయ్యి పెట్టుకుని గడపలో కూలబడింది.

"ఒసే, నీ సేతులిరిగిపోనూ, తాతకి ఇప్పుడేటి రాయాలే?"

అంతలో తేనెలావిడ తిరిగి వచ్చింది. నేను తగ్గలేదు. అది అడుక్కి దిగలేదు, తేనె కాదు అన్నాను. ఆవిడ కోప్పడలేదు. ఇంట్లో బెల్లం పాకం ఉందా అని అడిగింది. గిన్నెలో కాస్త లేతపాకం మిగిలి ఉంది. గ్లాసులో కొత్తగా నీళ్ళు పోయించి, అందులో పాకం చుక్క ఒకటి నా చేతే వేయించింది. అది తీగలా సాగి నేరుగా అడుక్కి చేరింది.

"సూడమ్మా, దిగిపోనాది. మరి ఇది తేనేనా?" అంది.

ఆవిడ బుట్టలోంచి ఆకు పొట్లం తీసి విప్పింది. అందులో గుప్పెడంత నల్లటి ముద్ద. చెట్టు బంక, మైనం కలిపి ఈగలు కట్టుకున్న బుల్లి బుల్లి తేనె కుండలు. ముల్లుతో ఒకటి పొడిచి నా వేలికి రాసింది. నాకి చూస్తే అదే పల్చన, అదే పులుపు.

"ఈటి తేనెలో నీరెక్కువ. మూత బిగిస్తే పొంగుతాది. పులుపు దీని గునం, మందుకిదే కావాల. తొర్రంతా గాలించినా ఇంతే దొరుకుతాది."

ఆ ముద్ద తన మొగుడి కాలి పుండుకని దాచుకున్నదట. సగం తుంచి నాయనమ్మ చేతిలో పెట్టి వెళ్ళిపోయింది.

మర్నాడు సాయంత్రానికి తాతయ్య గంజి అడిగి తాగాడు. "ఏటే, తేనెకి పరీచ్చ ఎట్టినావట" అన్నాడు. అన్ని రోజుల తర్వాత ఆయన నాతో అన్న మొదటి మాట అది. ఏడ్చేశాను.

తర్వాతి సంతకి నాయనమ్మ వెంటపడి వెళ్ళాను, తప్పయిందని ఆవిడకి చెబుదామని. ఆవిడ రాలేదు. మొగుడికి పుండు ముదిరిందని పక్క దుకాణం ఆవిడ చెప్పింది. ఆ తర్వాత ఎన్ని సంతలు తిరిగినా నాకు కనిపించలేదు.

ఈ వయసులోనూ ఎవరినైనా మోసగాళ్ళని అనబోతే నా నోటి దాకా ఆ పులుపు వస్తుంది. మాకిచ్చిన సగంతో తాతయ్య లేచి తిరిగాడు. ఆవిడకి మిగిలిన సగం ఆ కాలికి సరిపోయిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.