రన్‌వే చివర మనిషి

థోరా ఇస్‌బిస్టర్ ఆ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టిందని తెలిసి దీవిలో చాలామంది ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. అది ఆమె భర్త ఎర్లెండ్ చేసిన ఉద్యోగం: విమానాలు దిగేముందు పసుపు బండిలో తిరిగి రన్‌వే చూసి రావడం. రెండేళ్ల క్రితం, ఆకు కదలని ఒక ఆదివారం, పీతల బుట్టలు పైకి తీయడానికి అతను పడవ వేసుకుని వెళ్లాడు. ఇంజను నడుస్తూనే ఉండగా, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్న పడవ దొరికింది. మనిషి దొరకలేదు.

చర్చి పక్కన సమాధి రాయి వేయిద్దామని బంధువులు ఎంత చెప్పినా థోరా ఒప్పుకోలేదు. దేని మీద వేస్తారని అడిగేది. పగలు బడి వంటశాలలో పిల్లలకు ముల్లంగి, బంగాళాదుంపలు ఉడికించేది. ఇల్లు రన్‌వే పడమటి కంచె పక్కనే. పొద్దున్నే పసుపు బండి వచ్చి పక్షులను తోలడానికి ఎప్పుడో రికార్డు చేసిన సముద్రకాకి చావుకేక ఒకటి బూరాలో వినిపించేది. "ఆ పక్షి మన పెళ్లికి ముందే చచ్చింది. ఇంకా తన వాళ్లను బెదరగొడుతూనే ఉంది" అని ఎర్లెండ్ నవ్వేవాడు. ఇప్పుడు ఆ కేక వినిపిస్తే థోరా చేతిలో పని ఆగిపోయేది.

పొగమంచు పట్టిన రోజుల్లో అతను కనిపించేవాడు. పసుపు కోటు, కాస్త కిందికి వాలిన ఎడమ భుజం. ఒకసారి బస్సు ఆగేచోట, ఒకసారి పశువుల కొట్టం గోడ దగ్గర. ఎవరికీ చెప్పలేదు.

ఎంపిక రోజు దగ్గరపడుతుంటే ఎర్లెండ్ అక్క ఇంగా రోజూ సాయంత్రం వచ్చి మరదలికి తర్ఫీదు ఇవ్వడం మొదలుపెట్టింది. బల్ల మీద రొట్టె కోసే కత్తి రన్‌వే, ఉప్పు గిన్నె విమానం. కళ్లద్దాలు ముక్కు చివరికి జార్చి పరీక్షాధికారిణిలా గొంతు మార్చింది.

"కూచోమ్మా. ఈ ఉద్యోగం ఎందుకు కావాలి నీకు?"

"నాటకాలు చాల్లే వదినా."

"వదినెవరు ఇక్కడ? మేడమ్ అను. చెప్పు, ఎందుకు?"

"ఆ బండిలో ఇంకెవడో కూచుంటే చూడలేకపోతున్నాను."

"అయ్యో తల్లీ, అది అక్కడ అన్నావంటే గుమ్మంలోంచే పంపేస్తారు. ప్రయాణికుల భద్రత అంటే ప్రాణం అని చెప్పు." ఇద్దరూ నవ్వారు. ఇంగా బార్లీ రొట్టె తుంచి వెన్న రాసుకుంటూ తరువాతి ప్రశ్న వేసింది. "పొగమంచు. విమానం దిగబోతోంది. రన్‌వే మీద ఏదో ఉన్నట్టు అనిపించింది. అవునో కాదో తెలీదు. ఏం చేస్తావ్?"

"ఏదో అంటే?"

"గొర్రె అనుకో."

"దిగొద్దని చెప్పిస్తాను. వెళ్లి చూస్తాను."

"గొర్రె కాదు, మనిషయితే?"

థోరా ఉప్పు గిన్నెను వెనక్కి జరిపింది. కత్తి వైపే చూస్తూ ఉండిపోయింది. ఇంగా మెల్లగా కళ్లద్దాలు తీసింది.

"కనిపిస్తున్నాడా నీకు?"

థోరా తలూపింది.

"నాకు కనిపించడే. వినిపిస్తాడు. గుమ్మంలో బూట్లు దులుపుకుంటాడు, చిన్నప్పుడు అమ్మ తిడుతుందని దులుపుకున్నట్టు. తలుపు తీస్తే ఎవరూ ఉండరు." ఇంగా ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కడ మాత్రం నోరు జారకు. పిచ్చిదంటారు. కనిపించినా కనిపించనట్టే ఉండు, సరేనా?"

సరేనంది.

ఎంపికకు నలుగురు వచ్చారు. పొద్దున అందరినీ ఒక బల్ల చుట్టూ కూచోబెట్టి, మంచు కురుస్తోంది, ఊడ్చే బండి ఒక్కటే ఉంది, దిగాల్సిన విమానాలు మూడున్నాయి, ఏం చేస్తారో తేల్చమన్నారు. పట్నం నుంచి వచ్చిన కుర్రాడొకడు ఎవరినీ మాట్లాడనివ్వలేదు. వాడు ఊపిరి తీసుకునే సందులో థోరా, "రోగిని తెచ్చే విమానం ముందు. మిగతావాళ్లకి టీ ఇప్పించొచ్చు" అంది. మూలన కూచున్న పరీక్షాధికారిణి మిసెస్ హార్కస్ పెదవి కొరుక్కుని నవ్వాపుకుంది.

మధ్యాహ్నం ఒక్కొక్కరినీ ఆవిడే బండిలో రన్‌వే మీదికి తీసుకెళ్లింది. కావాలని పడేసిన వస్తువులు కనిపెట్టాలి. థోరా ఒక బోల్టు, తెగిన పట్టీ ముక్క, ఒక చేతితొడుగు చూపించింది. అంతలో సముద్రం మీంచి పొగమంచు లేచి పడమటి కొసను మింగడం మొదలుపెట్టింది. అందులో అతను నిలబడి ఉన్నాడు, వాలిన ఎడమ భుజంతో.

వదిన మాట గుర్తొచ్చింది. దూరంగా, పక్క దీవి నుంచి వచ్చే చిన్న విమానం మోత వినిపిస్తోంది.

"అక్కడ మనిషి ఉన్నట్టుంది" అంది థోరా.

మిసెస్ హార్కస్ కళ్లు చికిలించి చూసింది. "నాకేం కనిపించడం లేదే."

"ఖాయంగా చెప్పలేను. కానీ చూసేదాకా ఏదీ దిగకూడదు."

ఆవిడ ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, రేడియోలో టవర్‌కు కబురు చెప్పింది. విమానం దిగకుండా పైన చుట్టు తిరగసాగింది. బండి కొసకు వెళ్లింది. థోరా దిగి కంచె దాకా నడిచింది. గడ్డి మంచుతో తడిసి నిటారుగా ఉంది. దాన్ని ఎవరూ తొక్కలేదు. కంచె అవతల అలల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు.

తిరిగొచ్చేసరికి మిసెస్ హార్కస్ రేడియో ఆమె చేతికిచ్చింది. "చూసింది నువ్వు. నువ్వే చెప్పు."

థోరా రేడియోను రెండు చేతులతో పట్టుకుంది. ఈ రెండేళ్లలో లేడన్న మాట ఆమె ఎప్పుడూ పైకి అనలేదు. పైన విమానం ఇంకో చుట్టు తిరిగింది.

"ఎవరూ లేరు" అంది చివరికి. "పడమటి కొసన ఎవరూ లేరు. రన్‌వే ఖాళీ."

విమానం దిగాక కూడా ఆమె పడమటి కొస వైపే చూస్తూ ఉంది. మిసెస్ హార్కస్ ఇంజను ఆపేసింది.

"ఎవరనుకున్నావమ్మా?"

"మా ఆయన."

"ఎర్లెండ్ నాకు తెలుసు" అంది ఆవిడ. "రేపు మళ్లీ కనిపిస్తే?"

"మళ్లీ ఆపిస్తాను. మళ్లీ వెళ్లి చూస్తాను."

"చూశాక?"

"లేడని చెప్తాను."

వారం తిరక్కముందే బడి వంటశాలకు ఫోనొచ్చింది. ఉద్యోగం ఆమెకే. ఆ సాయంత్రం ఇంగా కేకు పట్టుకుని వచ్చింది గానీ, జరిగిందంతా విని ఒక్క ముక్క కూడా నోట పెట్టుకోలేకపోయింది.

"అయితే చెప్పేశావన్నమాట. ఇక కనిపించడంటావా?"

"నిన్న పొద్దున్న కనిపించాడు, కొట్టం దగ్గర."

"భయం వెయ్యలేదా నీకు?"

"వేసింది. ఇదివరకు దూరం నుంచే చూసి ఇంట్లోకొచ్చేదాన్ని వదినా. నిన్న దగ్గరికి వెళ్లాను. గోడ ఒక్కటే ఉంది."

ఇంగా గుమ్మం వైపు చూసి, "పోనీలే. ఈసారి బూట్ల చప్పుడైతే నేనూ తలుపు తీసి బయటిదాకా వెళ్తాను" అంది.