గోడకు అటువైపు పోచమ్మ

నెత్తిన బోనంతో మా పెద్దమ్మ కొత్త గోడ ముందు నిలబడింది. వెనక్కి మాత్రం తిరగలేదు. డప్పులు ఆగిపోయాయి.

ఖాజాగూడ గుట్టల నడుమ నుంచి గోల్కొండ వైపు వెళ్లే కాలిబాట అది. పెదనాన్న పోయాక పెద్దమ్మ రోజూ ఆ బాటనే వెళ్లి కోట లోపలి ఇళ్లలో పెరుగు అమ్మేది. నగరంలో పత్రిక ఉద్యోగానికి నేను సైకిలు నడిపించుకుంటూ పోయే దారీ అదే. పందొమ్మిది వందల నలభైల చివర్లో అక్కడి భూములు చేతులు మారాయి. నగరం నుంచి వచ్చిన ఒక సేటు చేను కొని, బాటకు అడ్డంగా రాతిగోడ కట్టించాడు. అప్పటి నుంచి చెరువు చుట్టూ తిరిగి వెళ్లాల్సి వచ్చింది. పెద్దమ్మ చేరేసరికి ఎండ ఎక్కేది, కొనేవాళ్లు వేరేచోట కొనేసుకునేవారు. ఇంకొన్నాళ్లు అలాగే సాగితే బర్రెను అమ్ముకోవడమే.

ఆషాఢం వచ్చింది. పోచమ్మ గుడి ఆ గోడకు అటువైపుంది. మా ఊళ్లో బోనం పాత బాటనే పోవాలి.

"జర చుట్టు తిరిగి పోరాదమ్మా? ఒక్క దినమే గద," అన్నాడు గోడ దగ్గరికి వచ్చిన సేటు.

"నేనైతే తిరుగుత బిడ్డా. నెత్తి మీది తల్లి తిరుగది. నువ్వే అడుగు ఆమెను," అంది పెద్దమ్మ.

వెనక నుంచి పక్కింటి వదిన అందుకుంది. "గీ గోడ రాళ్లు ఏ తొవ్వల తెచ్చినవ్ సేటూ? ఎగిరొచ్చినయా?"

అందరూ నవ్వారు. సేటు కూడా నవ్వక తప్పలేదు. ఇవాళ్టికి మాత్రమేనంటూ మనిషి పట్టేంత సందు తీయించాడు. పెద్దమ్మ ఆ సందులోనే ఆగి, పసుపు నీళ్లు, వేపాకులు కలిపిన సాక తల్లి పేర నేల మీద పోసి ముందుకు నడిచింది.

తెల్లారి సేటు సందు పూడ్చమన్నాడు. కట్టినవాళ్లు మా ఊరివాళ్లే.

"సాక పడ్డ జాగల రాయి పెట్టం సేటూ. కావాలంటే నువ్వే పెట్టుకో," అన్నారు.

ఆయన రాయి ముట్టుకోలేదు. అప్పటికే పెద్దమ్మ పెరుగు కుండతో సందు దాటి గుట్ట దిగుతోంది.

ఆ తర్వాత కొండాపూర్ వైపూ, నార్సింగి వైపూ ఇలాంటి గోడలే లేచాయి. దారులు పెరిగాయి గానీ, ఒకదానితో ఒకటి కలిసేవి తగ్గాయి. మా సందులో మనుషులు నడిచారు, బండ్లు మాత్రం చెరువు చుట్టూనే తిరిగాయి. అది ఊరి బాటో, సేటు పట్టా భూమో తహసీల్ కచేరీ వాళ్లు నేటికీ తేల్చలేదు.